అద్దె ఇంట్లో మొహమాటం వద్దు

నార్కట్‌పల్లి నుంచి అద్దంకి రోడ్డు పట్టుకుని మిర్యాలగూడ వైపు వెళ్తుంటే టోల్‌గేటు ఉన్న ఊరు మాడుగులపల్లి. 2016లో మండల కేంద్రమైంది. ఇక్కడికి కొత్తగా బదిలీ మీద వచ్చిన టీచరు ఇల్లు ఎలా వెతుక్కుంటాడో చూడండి. కిరాణా కొట్టు దగ్గర బండి ఆపి "అన్నా, పోర్షన్ ఏమన్న ఖాళీ ఉందా?" అని అడుగుతాడు. కొట్టాయన ఒక పేరు చెప్తాడు. ఇంటాయన "మీదే ఊరు, ఎవరి తాలూకు?" అని రెండు మాటలు అడుగుతాడు. ఒక నెల అడ్వాన్సు, కరెంటు బిల్లు వేరే. సాయంత్రానికి సామాను దిగుతుంది. కాగితం ఎవరూ రాసుకోరు. రాసుకోకపోయినా పెద్దగా నష్టం ఉండదు, ఎందుకంటే రేపు ఎవరు మాట తప్పినా నిలదీయడానికి చుట్టూ మనుషులున్నారు.

ఇదే అలవాటుతో మన పిల్లలు డాలస్, లండన్, బెర్లిన్, మెల్‌బోర్న్, దుబాయ్ వెళ్తున్నారు. మాడుగులపల్లి నుంచే కాదు, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట నుంచీ ఇంతే. వీసా ఇంటర్వ్యూకు నెలల తరబడి తయారవుతారు. లోను కోసం నాన్న పొలం పాసు పుస్తకం పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతాడు. పచ్చళ్లు, పొడులు తూకం వేసి మరీ సర్దుతారు. ఏడాదంతా తలదాచుకోవాల్సిన ఇంటి సంగతి మాత్రం ప్రయాణానికి వారం ముందు వాట్సాప్ గ్రూపులో ఒక్క మాటతో తేలిపోతుంది: "మన నల్లగొండ అన్నదే రూమ్, ఒక బెడ్ ఖాళీ ఉందంట."

ఆ అన్న మంచివాడే కావచ్చు. చాలాసార్లు మంచివాడే. కానీ ఆ ఇంట్లో పొగ అలారం పనిచేస్తోందా, అగ్రిమెంటులో ఎవరి పేరుంది, డిపాజిట్ ఎవరి దగ్గరుంది అని మనం అడగం. తెలియక అడగకపోవడం కొంతే. తెలిసినా అడగకపోవడం ఎక్కువ. సాయం చేస్తున్న మనిషిని ప్రశ్నిస్తే ఏమనుకుంటాడో, వచ్చీ రాగానే పేచీ ఎందుకు, నలుగురూ ఉంటున్నారు కదా మనకేమవుతుంది అనుకుంటాం. పరాయి దేశంలో ప్రమాదం చాలాసార్లు ఈ మొహమాటాన్ని చూసుకునే లోపలికి వస్తుంది. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు కాబట్టి ముందు ప్రాణం సంగతి మాట్లాడుకుందాం.

పొగ, గ్యాసు, రెండో దారి

2018 డిసెంబరు 23 రాత్రి అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం, కాలియర్‌విల్‌లో ఒక ఇల్లు తగలబడింది. మన నల్లగొండ జిల్లా నేరెడుగొమ్ము మండలంలోని తండా నుంచి చదువుకు వెళ్లిన ముగ్గురు తోబుట్టువులు అందులో చనిపోయారు. క్రిస్మస్ సెలవులకు వాళ్లను ప్రేమగా ఇంటికి పిలుచుకున్న ఇల్లాలు కూడా వాళ్లతోపాటే పోయింది. అది అద్దె ఇల్లు కాదు, ఆదరించిన ఇల్లు. ఎంత మంచివాళ్ల ఇల్లయినా నిద్రలో మంటలు చుట్టుముడితే తప్పించుకోవడం కష్టమని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

2024 జనవరిలో కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థులు తమ గదిలో నిద్రలోనే కన్నుమూశారు. ఒకరిది వనపర్తి, ఇంకొకరిది శ్రీకాకుళం జిల్లా. అమెరికా చేరి నెల కూడా కాలేదు. కార్బన్ మోనాక్సైడ్ పీల్చడమే కారణమని అనుమానించారు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. చలికాలం కిటికీలు బిగించుకున్న ఇంట్లో గ్యాస్ హీటరో, బాయిలరో సరిగా మండకపోయినా, పొగగొట్టం మూసుకుపోయినా పుడుతుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం. కొత్త వాతావరణం పడలేదు, జలుబు చేసిందేమో అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటారు. గుర్తు ఒకటుంది: ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతుంటే అది జలుబు కాదు. వెంటనే అందరూ బయటికి రావాలి. ఫోన్ బయట నిలబడి చేయాలి. అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, యూరప్ దేశాల్లో 112, ఆస్ట్రేలియాలో 000. ఈ నంబర్లు విమానం ఎక్కకముందే నోటికి రావాలి.

మన ఇళ్లు ఇటుక, సిమెంటు, స్లాబు. పొయ్యి దగ్గర మంట లేచినా గోడ అంటుకోదు. అమెరికాలో ఎక్కువ ఇళ్లు చెక్క చట్రం మీద కట్టినవే. లోపల జిప్సం బోర్డులు, కింద కార్పెట్, సోఫా నిండా ఫోమ్. మంట కన్నా ముందు పొగ కమ్మేస్తుంది. అందుకే అక్కడి చట్టాలు అలారంను అంత పట్టుదలగా అడుగుతాయి. ఇంగ్లండులో అద్దె ఇంటి ప్రతి అంతస్తులోనూ పొగ అలారం ఉండాలి. 2022 అక్టోబరు 1 నుంచి బాయిలర్ లాంటివి ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా తప్పనిసరి, వంట స్టవ్వుకు మాత్రం మినహాయింపు. గ్యాస్ పరికరాలను ఏటా రిజిస్టర్డ్ ఇంజినీరుతో పరీక్ష చేయించి, ఆ సర్టిఫికెట్ నకలు కొత్త అద్దెదారుకు ఇంట్లో దిగకముందే ఇవ్వాలి. "గ్యాస్ సర్టిఫికెట్ చూపిస్తారా?" అని అడగడం తగవు పెట్టుకోవడం కాదు. అక్కడ అది రోజూ వినపడే మాటే.

ఇప్పుడు మనవాళ్ల వంటింట్లోకి వెళ్దాం. మూకుడులో నూనె కాగింది. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి పడింది, ఘాటు లేచింది. పైన అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. ఒకడు స్టూలెక్కి టవల్ ఊపుతాడు. రెండోసారి మోగితే బ్యాటరీ పీకేస్తాడు. మరొకడు ఇంకా తెలివిగా ప్లాస్టిక్ కవర్ తెచ్చి అలారం చుట్టూ రబ్బరు బ్యాండు బిగిస్తాడు. ఆ కవర్ అలాగే ఉండిపోతుంది. ఆగస్టులో కట్టింది జనవరిలోనూ ఉంటుంది. కట్టినవాడు ఇల్లు మారిపోతాడు, కొత్తగా వచ్చినవాడికి అది అక్కడెందుకుందో కూడా తెలియదు. మీరు చేరబోయే ఇంట్లో పైకప్పు చూడండి. అలాంటి కవర్ కనిపిస్తే ఆ రోజే విప్పండి. మధ్యలో ఉన్న బటన్ మోగేదాకా నొక్కి పట్టండి. మోగకపోతే బ్యాటరీ మార్చండి, అప్పటికీ మోగకపోతే ఇంటి యజమానికి మెయిల్ రాయండి. ఎవరూ నొక్కకుండానే ఉండుండి కీచుమంటుంటే బ్యాటరీ అయిపోవస్తోందని అర్థం, దాని నోరు నొక్కేయడం పరిష్కారం కాదు. పోపు పెట్టే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, కిటికీ తీయండి, మూత సిద్ధంగా పెట్టుకోండి. వంటింట్లో పొగకు బదులు వేడికి మోగే అలారం పెట్టమని యజమానిని అడగండి. పోపు మానమని నేను చెప్పను. అలారం మూయొద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

రెండో దారి సంగతి. కెనడాలోనూ అమెరికాలోనూ అద్దె తక్కువని బేస్‌మెంట్లలో దిగేవాళ్లు చాలామంది. మెట్ల మీద మంట ఉంటే ఎటు పోతారు? మనిషి పట్టేంత కిటికీ ఉందా, అది లోపలి నుంచి తెరుచుకుంటుందా, బయట మంచు పేరుకుని మూసుకుపోతుందా? స్వయంగా ఒకసారి తెరిచి చూడకుండా ఆ గది ఒప్పుకోవద్దు. గది హీటర్‌ను నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డులో కాదు. ఫుడ్ డెలివరీ చేసే పిల్లలకు ఇంకో మాట. ఈ-బైక్ బ్యాటరీని రాత్రంతా తలుపు పక్కన చార్జింగ్ పెట్టి నిద్రపోకండి. న్యూయార్క్‌లో ఆ బ్యాటరీలు పేలి లేచిన మంటల్లో చాలామంది చనిపోయారు. తలుపు దగ్గర మంట లేస్తే ఉన్న ఒక్క దారీ పోతుంది.

గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఇల్లు ఎంచుకునే వీలు తక్కువ, కంపెనీ ఎక్కడ పెడితే అక్కడే. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడింది. రెండు రోజుల తర్వాత 45 మంది భారతీయుల మృతదేహాలు వాయుసేన విమానంలో వచ్చాయి. చనిపోయినవాళ్లలో ఆంధ్రప్రదేశ్ వాళ్లూ ఉన్నారు. గదుల మధ్య తేలిగ్గా అంటుకునే సామగ్రితో అడ్డుగోడలు కట్టారని, పైకప్పు తలుపుకు తాళం ఉండడంతో పైకి పారిపోలేకపోయారని అధికారులు చెప్పారు. క్యాంపులో చేరిన మొదటి రాత్రే మెట్లు దిగి, ఎక్కి, పైతలుపు తోసి చూసుకోవాలి. తాళం ఉంటే సూపర్‌వైజర్‌కు నలుగురూ కలిసి చెప్పాలి. ఒక్కడే చెప్తే ఉద్యోగం పోతుందేమోనన్న భయం న్యాయమైనదే, అందుకే నలుగురూ అన్నాను. దుబాయ్‌లో సొంతంగా బెడ్‌స్పేస్ తీసుకునేవాళ్లు, అనుమతి లేని చెక్క పార్టిషన్ గదుల మీద 2025లో అక్కడి మున్సిపాలిటీ దాడులు చేసిందని గుర్తుపెట్టుకోండి. అగ్గి భయం ఒకటి, ఉన్నట్టుండి రోడ్డున పడే భయం ఇంకొకటి.

తాళం కన్నా ముందు డబ్బు అడిగితే

జర్మనీ వెళ్లే పిల్లలకు తగిలే మోసం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఊరి నడిబొడ్డున అందమైన ఫ్లాటు, అద్దె మాత్రం చుట్టుపక్కల వాటి కన్నా చాలా తక్కువ. యజమాని మర్యాదగా మెయిల్ రాస్తాడు: ఉద్యోగం మీద వేరే దేశంలో ఉన్నాను, చూపించడానికి రాలేను, మీరు డిపాజిట్ పంపండి, తాళం చెవి కొరియర్‌లో వస్తుంది, నచ్చకపోతే డబ్బు వాపసు. నమ్మకానికి పాస్‌పోర్టు ఫొటో కూడా పంపుతాడు. అది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన పాస్‌పోర్టు. ఆ ఫ్లాటు ఫొటోలు ఏదో హోటల్ సైటులోవి. ఆ ఫొటోలను గూగుల్‌లో ఇమేజ్ సెర్చ్ చేస్తే చాలాసార్లు గుట్టు అక్కడే బయటపడుతుంది.

మీరు ఇంకా మాడుగులపల్లిలోనే ఉండగా గది చూసుకోవాలంటే వీడియో కాల్ తప్పనిసరి. రికార్డు చేసి పంపిన వీడియో ఒప్పుకోవద్దు. కాల్‌లో ఉన్నప్పుడే బయటికి వెళ్లి బిల్డింగ్ నంబరు చూపించమనండి. అక్కడి నుంచి ఫోన్ కట్ చేయకుండా మెట్లెక్కి తాళం తీసి లోపలికి రమ్మనండి. వంటింటి కొళాయి తిప్పమనండి, పడకగది కిటికీ తెరిచి వీధి చూపించమనండి. నిజమైన మనిషికి ఇది అయిదు నిమిషాల పని. దొంగకు సాధ్యం కాదు. "అంత అనుమానమైతే వద్దులే, ఇంకో ఇద్దరు లైన్లో ఉన్నారు" అన్నాడంటే సంతోషంగా ఫోన్ పెట్టేయండి. గిఫ్ట్ కార్డు, క్రిప్టో, వెస్టర్న్ యూనియన్ అని ఎవరు అడిగినా అది అద్దె వ్యవహారం కాదు. అమెరికాలో జెల్ (Zelle) ద్వారా పంపిన డబ్బు కూడా చేతిలో నోటు ఇచ్చినట్టే, వెనక్కి రావడం గగనం. ఏదీ తేలకపోతే మొదటి కొన్ని వారాలు యూనివర్సిటీ హాస్టల్లోనో, తెలిసినవాళ్లింట్లోనో ఉండి, కాళ్లతో వెళ్లి కళ్లతో చూసి తీసుకోండి. ఖర్చు కాస్త ఎక్కువైనా ఇదే నా సలహా.

డిపాజిట్ విషయంలో ఒక్కో దేశానికి ఒక్కో లెక్క. ఇంగ్లండులో ఏడాది అద్దె 50,000 పౌండ్లలోపు ఉంటే అయిదు వారాల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు. తీసుకున్న 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన మూడు పథకాల్లో ఒకదానిలో దాన్ని భద్రపరచాలి, ఆ వివరాలు మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే డిపాజిట్‌కు మూడు రెట్ల దాకా జరిమానా కోర్టు మీకు ఇప్పించగలదు. జర్మనీలో మూడు నెలల ఖాళీ అద్దె, అంటే హీటింగ్ వగైరా కలపని అద్దె, గరిష్ఠ పరిమితి. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ఇల్లు మారిన రెండు వారాల్లో పట్టణ కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. "ఆ కాగితం మాత్రం ఇవ్వను" అనే యజమాని ఇల్లు ఎంత చవకైనా వదిలేయండి. కెనడాలోని ఒంటారియోలో చివరి నెల అద్దె మాత్రమే ముందుగా తీసుకోవచ్చు, పాడైన సామాను పేరుతో డిపాజిట్ కుదరదు. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్‌లో నాలుగు వారాల అద్దె, అదీ ప్రభుత్వ సంస్థ దగ్గర జమ అవుతుంది. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి ఎక్కువమంది యజమానులు ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదు, ఖాళీ చేసిన 21 రోజుల్లో లెక్క తేల్చాలి. మీరు వెళ్లే చోట రూలు ఏమిటో వెళ్లకముందే చదువుకోండి.

చేరిన రోజు సామాను విప్పకముందు ఇల్లంతా వీడియో తీయండి. గోడ మరక, కార్పెట్ చిరుగు, ఫ్రిజ్ లోపలి పగులు, బాత్రూం అద్దం. తీసి మీ దగ్గరే దాచుకుంటే చాలదు, అదే రోజు యజమానికి మెయిల్ చేయండి. ఏడాది తర్వాత మీ మాటకు సాక్ష్యం ఆ మెయిల్ తేదీయే.

తోటివాళ్లు

అమెరికాలో నలుగురు కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే ఎవరి వాటా వాళ్లదే అనుకుంటారు. సాధారణంగా ఆ కాగితం అలా చెప్పదు. మొత్తం అద్దెకు ఒక్కొక్కరూ పూర్తిగా బాధ్యులని ఉంటుంది. ఒకడికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే అతని వాటా మిగిలిన ముగ్గురి మీద పడుతుంది. కట్టకపోతే ముగ్గురి క్రెడిట్ స్కోరూ దెబ్బతింటుంది. లీజులో పేరు లేకుండా అయిదో మనిషిగా హాల్లో పడుకునేవాడి పరిస్థితి ఇంకా అధ్వానం. రేపు గొడవొస్తే అతనికి ఆ ఇంట్లో ఏ హక్కూ రుజువు చేసుకోవడానికి కాగితం ఉండదు. వెళ్లేవాడు ఎన్నాళ్ల ముందు చెప్పాలి, తన బదులు మనిషిని ఎవరు తేవాలి, కరెంటు బిల్లు ఎవరి పేరున, మద్యం సంగతేంటి, రాత్రి అతిథులు వస్తే ఎలా? ఇవన్నీ మొదటి వారంలోనే ఒక కాగితం మీద రాసుకుని అందరూ సంతకం పెట్టండి. స్నేహితుల మధ్య కాగితం ఏంటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

హైదరాబాద్ నుంచి మాస్టర్స్‌కు వెళ్లిన 27 ఏళ్ల అమ్మాయి 2023 జూన్ 13న లండన్‌లోని వెంబ్లీలో, తానుంటున్న ఇంట్లోనే కత్తిపోట్లకు చనిపోయింది. దాడి చేసినవాడు బయటివాడు కాదు, ఆ ఇంటిని పంచుకున్న మనిషే. 2025 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని శాంటాక్లారాలో మహబూబ్‌నగర్ యువకుడు రూమ్మేటుతో గొడవ ముదిరిన రోజున పోలీసుల కాల్పుల్లో పోయాడు. ఈ ఇద్దరి విషయంలో ఎవరు ఏం చేసి ఉండాల్సిందని తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. ఇంకా సమయం ఉన్నవాళ్లకు మాత్రం చెప్పగలను. మీ పడకగదికి లోపలి నుంచి గడియ ఉండాలి, లేకపోతే యజమాని అనుమతితో పెట్టించుకోండి. గదులు విడివిడిగా అద్దెకిచ్చే ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో, కొత్తవాళ్లను ఎవరు చేర్చుకుంటారో ముందే అడగండి. ఆడపిల్లలు ఈ ప్రశ్న రెండుసార్లు అడగండి. ఒక మనిషి తాగి అరుస్తున్నా, తలుపు కొడుతున్నా, వస్తువులు విసురుతున్నా, ఇంట్లో ఉండాలంటే భయమేస్తున్నా, మాట్లాడి సర్దుకుపోదామని అక్కడే ఉండిపోకండి. ఆ రాత్రికి ఫ్రెండ్ ఇంటికి వెళ్లండి. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు, యజమానికి మెయిల్ పెట్టండి. చాలా అమెరికా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత న్యాయసలహా దొరుకుతుంది. బ్రిటన్‌లో షెల్టర్ అనే సంస్థ 1966 నుంచి ఇళ్ల కష్టాల్లో ఉన్నవాళ్లకు దారి చూపిస్తోంది. భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో విద్యార్థిగా ముందే నమోదు చేసుకుంటే ఆపదలో ఎంబసీకి మీ జాడ తెలుస్తుంది. తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల వాళ్లు అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తిన సందర్భాలు చాలా ఉన్నాయి. అడిగితే పరువు పోదు. లీజు తెగ్గొడితే రెండు నెలల అద్దె నష్టపోవచ్చు, నష్టపోండి.

ఇక్కడ తల్లిదండ్రుల మాట కూడా ఉంది. "సర్దుకుపో బిడ్డా, లోను తీరేదాకా ఓర్చుకో" అని ఫోన్లో చెప్పడం మనకు అలవాటు. చదువు కష్టానికి, చలికి, వంటకు ఆ మాట సరిపోతుంది. ఇంట్లో భయంగా ఉందని పిల్ల చెప్పినప్పుడు ఆ మాట అనకండి. "ముందు బయటికి రా, డబ్బు సంగతి మేం చూసుకుంటాం" అనండి. పిల్లల ఇంటి పూర్తి చిరునామా, యజమాని నంబరు, ఒక రూమ్మేటు నంబరు మీ దగ్గర రాసిపెట్టుకోండి. చాలా ఇళ్లలో ఊరి పేరు తప్ప ఇంకేమీ తెలియదు.

చివరిగా, ముందే వెళ్లి స్థిరపడిన మన మాడుగులపల్లి, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీ దగ్గరికి వచ్చే కొత్తవాళ్లు మొహమాటంతో ఏమీ అడగరు. మీరే చెప్పండి. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చిన రోజే అలారం బటన్ నొక్కించండి, రెండో దారి గుండా ఒకసారి నడిపించండి, లీజు కాగితం చేతికిచ్చి చదివించండి. అందులో వాళ్ల పేరు లేకపోతే ఆ నెలలోనే చేర్పించండి.